యాస్మీన్ ఉన్న ఊరు

కెజియా సొంతూరు నరసాపురం. జెద్దాకు వచ్చింది ఆసుపత్రి ఉద్యోగానికి. నరాల జబ్బుల వార్డులో కొన్నేళ్లు చేశాక ఒకరోజు ఆ వార్డుకే ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. పక్షవాతం కొద్దిగా తగిలి ఎడమకాలు ఈడుస్తోంది. ఎవరు సూది తీసుకుని దగ్గరికొచ్చినా చెయ్యి వెనక్కి లాక్కునేది. కెజియా వెళితే మాత్రం తనే చాపేది. ఎందుకో ఎవరికీ తెలియదు, కెజియాకీ తెలియదు. ఆవిడ కొడుకు తారిక్ అది గమనించి, ఆసుపత్రి వాళ్లతో మాట్లాడి, ఆమె ఉద్యోగ పూచీని, అక్కడివాళ్లు కఫాలా అనేదాన్ని, తన పేరు మీదికి మార్పించుకుని కెజియాను తల్లికి ఇంటి నర్సుగా తెచ్చుకున్నాడు.

పెద్దావిడ పేరు జౌహరా. ఇంట్లో అందరికీ మామా, అంటే అమ్మ. కెజియాకు కూడా మామానే. భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు తారిక్, కూతురు హనాన్ అదే వీధిలో వేరువేరు ఇళ్లలో ఉంటారు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వచ్చి తల్లి పక్కన కూర్చుని వెళతారు. కెజియాకు ఆ ఇంట్లో సొంత గది ఉంది, వేళకు తిండి ఉంది, గౌరవం ఉంది. భర్త రత్నరాజు రాబిగ్ రిఫైనరీలో టెక్నీషియన్. శుక్రవారం అతను బస్సెక్కి వస్తే ఇద్దరూ జెద్దాలోని షరఫియా బజారు వీధిలో కలుసుకుని, ఆంధ్రా మెస్సులో చేపల పులుసుతో భోంచేసి, కాసేపు దుకాణాల ముందు తిరిగి విడిపోయేవారు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్ల కాపురంలో సగభాగం ఆ వీధిలోనే జరిగింది.

మామాకు మతిమరపు మెల్లగా పట్టుకుంది. మొదట మనుషుల పేర్లు పోయాయి. తరవాత తిన్నదీ తిననిదీ తెలియకుండా పోయింది. ఆ మరపు ముదురుతున్నకొద్దీ ఆవిడ నోట అరబ్బీ కాని మాటలు రావడం మొదలైంది. కెజియా తనకు రాని అరబ్బీ అనుకుని ఊరుకుంది. తారిక్ విని నవ్వాడు. అది ఫ్రెంచి అట. తండ్రి కుర్రతనంలో ఇంజనీరుగా ఫ్రాన్సులో ఒక ఆనకట్ట మీద శిక్షణకు వెళితే, కొత్త పెళ్లికూతురుగా తల్లి కూడా వెళ్లి, పక్కనున్న పల్లెలో కొంతకాలం కాపురం చేసింది. పిల్లలకు తెలిసింది అంతే. ఆ రోజుల ఫొటోలేవీ ఇంట్లో లేవు. తండ్రి వాటి గురించి మాట్లాడిన మనిషి కాదు.

ఒకరోజు స్నానం చేయిస్తుంటే మామా ఉన్నట్టుండి కెజియా చెయ్యి పట్టుకుని, తొందరగా కానివ్వమని, యాస్మీన్ లేచే వేళయిందని అంది. మనవరాలెవరో అనుకుంది కెజియా. సాయంత్రం హనాన్ వస్తే అడిగింది. మా ఇంట్లో ఆ పేరు గలవాళ్లెవరూ లేరని హనాన్ చెప్పింది. చిన్నప్పటి స్నేహితురాలెవరో అయి ఉంటుంది, మనం రెట్టిస్తే ఇంకా తికమకపడుతుంది, మాట మార్చెయ్యమంది. నర్సింగులో నేర్పేదీ అదే. కెజియా మాట మార్చింది. ఖర్జూరాలు తెచ్చిచ్చింది, కిటికీ తెరిచి పావురాలను చూపించింది.

కానీ యాస్మీన్ పోలేదు. రోజుకింత పెరుగుతూ వచ్చింది. తల నిండా ఉంగరాల జుట్టట. కుడిచెవి వెనక పుట్టుమచ్చట. చలికాలంలో కట్టెలు తడిసిపోయి పొయ్యి అంటుకోలేదట. రొమ్ము పట్టలేనంతగా ఒళ్లు కాలిపోయిందట. ఇప్పుడు నిద్రపోతోందట, రాతిగోడ పక్కన, గంటలు మోగేచోట. అక్కడికొచ్చేసరికి మామా గొంతు తగ్గించి, పిల్ల లేస్తుందన్నట్టు పెదాల మీద వేలు పెట్టుకునేది. ప్రసూతి వార్డులో కూడా చేసిన మనిషి కెజియా. చెప్పనిది ఏమిటో ఆమెకు అర్థమైంది.

శుక్రవారం షరఫియాలో రత్నరాజుకు చెప్పింది. అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్ల పిల్లలకే తెలీని సంగతి నువ్వెలా చెప్తావే?" అన్నాడు. "కూతురికి చెప్పావు కదా. అంతవరకే నీ పని. అంతకుమించి మనవల్ల ఏమవుద్ది."

అదీ నిజమే. కొడుకు దగ్గరికి వెళ్లి, మీ అమ్మకు మీకు తెలియని బిడ్డ పుట్టి పోయిందని ఏ నోటితో చెప్పగలదు? అదీ తెలివి చెదిరిన మనిషి మాటల్ని పట్టుకుని.

ఆ వేసవిలో తారిక్ ఒక నిర్ణయానికి వచ్చాడు. పాత చోట్లు చూస్తే మనసు కుదుటపడవచ్చని డాక్టరు ఎప్పుడో అన్న మాట అతనికి గుర్తుంది. తండ్రి పనిచేసిన ఆనకట్ట ఏ నది మీద ఉందో తెలుసు. ఆ నది పొడుగునా చూడముచ్చటైన పాత పల్లెలు చాలా ఉన్నాయని, లోకంలోని జనమంతా వాటిని చూడ్డానికి వెళతారని కంప్యూటరులో చూశాడు. అమ్మ ఏ ఊళ్లో ఉండేదో తెలియదు కాబట్టి అన్నీ తిప్పుతానన్నాడు. కెజియాకు వీసా వేయించాడు, దేశం దాటి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ తీయించాడు. రత్నరాజు ఫోనులో తనే వెళుతున్నంత సంతోషపడ్డాడు. ఈ దేశంలో ఇన్నేళ్లుగా గుడి గంట వినలేదు మనం, అక్కడ చర్చి కనిపిస్తే లోపలికెళ్లి కాసేపు కూర్చుని రమ్మన్నాడు.

అలా ముగ్గురూ వెళ్లారు. తారిక్ అద్దెకు తీసుకున్న వ్యాను తనే నడిపాడు.

అలాంటి ఊళ్లను కెజియా క్యాలెండర్ల మీద తప్ప చూడలేదు. ఇళ్లన్నీ పాతబెల్లం రంగు రాతితో కట్టినవి. కొండ వాలు మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టున్నాయి. పైకప్పులు కూడా రాతి పలకలే. ప్రతి గుమ్మం పక్కనా గులాబీ తీగ, ప్రతి కిటికీ కిందా పూలకుండీలు. కింద నది పచ్చగా, మెల్లగా పోతుంటుంది. పైన పాడుబడ్డ కోట. వీధుల్లో కరెంటు తీగ గాని, ప్లాస్టిక్ సంచి గాని కంటబడవు. ఊరివాళ్ల కన్నా చూడవచ్చినవాళ్లే ఎక్కువ. ఐస్‌క్రీములు తింటూ, తలుపులకీ గోడలకీ ఫొటోలు తీసుకుంటూ తిరుగుతున్నారు. ఇంత అందమైన చోటు ఉందంటే ఊరెళ్లాక ఎవరూ నమ్మరనుకుంది కెజియా.

కానీ ఆ వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి. చక్రాల కుర్చీ అడుగడుగునా ఎగిరిపడుతుంది. కెజియా మామా నడుము వెనక తువ్వాలు మడిచి పెట్టి, ముందు చక్రాలు పైకెత్తి, వెనక చక్రాల మీదే తోసేది. ఎత్తు వచ్చినచోట తారిక్ పట్టేవాడు. ప్రతి ఊళ్లోనూ మామా అటూ ఇటూ ఆత్రంగా చూసి, చివరికి తల అడ్డంగా ఊపేది. ఇది కాదనేది. అమ్మకు ఊరు నచ్చలేదనుకుని తారిక్ ఇంకో ఊరికి తీసుకెళ్లేవాడు. మధ్యలో గులాబీల ముందు కుర్చీ ఆపి, తల్లికి ఎండటోపీ పెట్టి ఫొటోలు తీసి చెల్లెలికి పంపేవాడు. ఫొటోల్లో మామా కళ్లు ఎప్పుడూ ఇంకో పక్కకే ఉండేవి. ఆవిడ వెతుకుతున్నది ఊరిని కాదని కెజియాకు తెలుసు. తెలిసి, కుర్చీ తోస్తూ ఉండిపోయింది.

మోంబ్రియాక్ అనే ఊరు చిన్నది. అక్కడ ఆగాలని కూడా అనుకోలేదు, భోజనానికి ఆగారు. ఊరి మొదట్లో వాగు ఒడ్డున, రాతి స్తంభాల మీద పెంకులు కప్పిన చావడి లాంటిది ఒకటి ఉంది. మధ్యలో నీటి తొట్టి, చుట్టూ ఏటవాలు బండలు. వెనకటికి ఆడవాళ్లు బట్టలుతుక్కునే చోటట. దాన్ని చూడగానే మామా కుర్చీలోంచి లేచి నిలబడింది. ఏడాదిగా ఒకరి ఆసరా లేకుండా నిలబడని మనిషి. వాగు దాటి, చర్చి పక్కన సందులోకి, ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచింది. పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. తారిక్ మొహం వెలిగిపోయింది. అమ్మకు గుర్తొచ్చింది, చూడు, అని కెజియా వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు. తన ప్రయత్నం ఫలించిందని ఆ కొడుకు పడిన సంబరం చూసి కెజియా తల దించుకుని, ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనకే నడిచింది.

సందు చివర ఇనుప గేటు. లోపల ఊరి సమాధులు. మామా వాటి మధ్యనుంచి తిన్నగా దూరంగా ఉన్న మూల గోడ దగ్గరికి వెళ్లి ఆగింది. అక్కడ సమాధి ఏదీ లేదు. కత్తిరించిన పచ్చగడ్డి ఉంది, నీలం పూల మొక్కల వరస ఉంది, కింద నదీ లోయా చూడ్డానికి ఒక బెంచీ ఉంది.

మామా గడ్డి మీద మోకాళ్ల మీద కూర్చుంది. అరచేత్తో నేలంతా తడిమింది. తరవాత తలెత్తి కొడుకుని అడిగింది.

"మీ అక్క ఏదీ?"

తారిక్‌కు అర్థం కాలేదు. ఏ అక్క అన్నాడు. యాస్మీన్ అంది మామా. మీ నాన్నే ఇక్కడ పెట్టాడు, నేను చూస్తూనే ఉన్నాను, తన కోటు విప్పి చుట్టి పెట్టాడు, ఇక్కడే ఉండాలి అంది. ఆ కాసేపూ ఆవిడ మాట తెలివిగా, వరసగా, జబ్బు లేని మనిషి మాటలా ఉంది.

గేటుకెదురుగానే ఊరి ఆఫీసు. తారిక్ వెళ్లి అక్కడ పనిచేసే ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. మంచి పిల్ల. వచ్చీరాని ఇంగ్లీషులో జాగ్రత్తగా చెప్పింది. చూసుకునేవాళ్లు లేని పాత సమాధుల్ని కొన్నేళ్లకు ఊరు వెనక్కి తీసేసుకుంటుందట. ఆ మూలనున్నవాటిని తను పుట్టకముందే తీసేశారట. ఎముకలు పారెయ్యరు, అన్నిటినీ కలిపి అదిగో ఆ పెద్ద రాతి కింద ఉంచుతారు, ఎవరివి ఏవో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు అంది. చెప్పి, తప్పు తనదే అన్నట్టు క్షమించమని అడిగింది. ఆమె తప్పేముంది? ఎవరి తప్పని అనగలరు?

తారిక్ ఆ మాటల్ని అరబ్బీలో తల్లికి చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచి, చెప్పలేక కెజియా వైపు చూశాడు. ఇంత చదువూ, ఇంత హోదా ఉన్న మనిషి తప్పిపోయిన పిల్లాడిలా చూస్తున్నాడు. కెజియా మామా పక్కన గడ్డిలో కూర్చుంది. పిల్లకి చలిగా ఉంది అంది మామా. కెజియా తన శాలువా తీసిచ్చింది. మామా దాన్ని గడ్డి మీద పరిచి, అంచులు సర్ది, మీద చెయ్యి వేసి మెల్లగా జోకొడుతూ కూర్చుంది. ఎండ బాగా కాస్తోంది. తారిక్ ఆ శాలువాకు ఇవతల నిలబడి, చేతులు తెరిచి దువా చదివాడు.

అప్పుడే ఎక్కడినుంచో వచ్చిన భార్యాభర్తలు బెంచీ దగ్గర నిలబడి, లోయ వెనక కనబడేలా ఫొటో తీసిపెట్టమని నవ్వుతూ కెజియా చేతికి ఫోను ఇవ్వబోయారు. వాళ్లు గడ్డి మీది మనిషిని చూడలేదు, చూసినా పిక్నిక్ అనుకుని ఉంటారు. కెజియా లేచి ఫొటో తీసిచ్చింది. కాదనడానికి ఆమెకు ఆ భాష రాదు. వాళ్లు థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు.

మామాను అక్కణ్ణుంచి లేపడానికి సాయంత్రమైంది. ఆవిడ గేటు ఊచలు పట్టుకుని రానంది. ఒక్కో వేలూ విడిపించాల్సి వచ్చింది. ఆ పని కెజియానే చేసింది, తన వల్లయితేనే నొప్పి కలగకుండా ఉంటుందని. వ్యాను కదులుతుంటే చర్చి గంటలు మోగాయి. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల మైనపు వత్తుల వెలుగు కూడా కనిపించింది. ఆపమని అడిగే సమయం కాదది.

మామా నిద్రపోయాక తారిక్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, నీకు ముందే తెలుసా అని అడిగాడు. పేరు విన్నాను సార్, మిగతాది ఊహించుకున్నాను, అంది కెజియా. ఎవరికైనా చెప్పావా అని అతను అడగలేదు. అడిగితే హనాన్ పేరు చెప్పాల్సి వచ్చేది. అన్నాచెల్లెళ్ల మధ్య ఆ మాట వెయ్యడం ఇష్టంలేక, అడగనందుకు దేవుడికి దండం పెట్టుకుంది. మా నాన్న నలభై ఏళ్లు ఒక్కసారి కూడా అనలేదు, అన్నాడతను. ఆ మాటే కాసేపటికి మళ్లీ అన్నాడు.

జెద్దాకు తిరిగొచ్చిన మర్నాడు పొద్దున మామా మామూలుగానే లేచింది. మొహం కడిగించుకుని, కాఫీ తాగి, కెజియాను దగ్గరకు రమ్మంది. యాస్మీన్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళతావని అడిగింది.

ఊరు గుర్తులేదు. వాగు, గేటు, గడ్డి ఏదీ గుర్తులేదు. ఆ ప్రయాణమంతా ఆవిడలోంచి తుడిచిపెట్టుకు పోయింది. మిగిలింది బిడ్డ ఒక్కతే.

తారిక్ రేపు వెళదామని చెప్పమన్నాడు. ఎలాగూ రేపటికి మరిచిపోతుంది కదా. హనాన్ ఒప్పుకోలేదు. సంగతి తెలిసినప్పటినుంచీ ఆమె సరిగా నిద్రపోవడం లేదు. కన్నతల్లికి రోజూ అబద్ధం చెప్పడమేమిటి, ఆవిడ బిడ్డ గురించి నిజం తెలుసుకునే హక్కు ఆవిడకు ఉంది, ఒక్కసారి నెమ్మదిగా చెబుదాం, ఏడ్చి ఊరుకుంటుంది అంది. ఆ మర్నాడు మామా అడిగినప్పుడు హనాన్ తనే తల్లి రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. యాస్మీన్ చనిపోయింది మామా. చాలా కాలమైంది.

మామా ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నట్టు విన్నది. బిడ్డ ఆ ఉదయమే పోయినట్టు ఏడ్చింది. రొమ్ము బాదుకుంది, గోడకు తల కొట్టుకోబోతే కెజియా తన అరచెయ్యి అడ్డం పెట్టింది. సాయంత్రం దాకా పచ్చినీళ్లు ముట్టలేదు. చివరికి మందు ఎక్కించి పడుకోబెట్టాల్సి వచ్చింది. మర్నాడు లేచి, మొహం కడిగించుకుని, యాస్మీన్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళతావని అడిగింది.

హనాన్ గుమ్మంలోనే ఉంది. ఆ మాట విని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తరవాత ఇంక ఎవరూ కెజియాకు ఏం చెప్పాలో చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పని ఆమెకే వదిలేశారు.

రేపు అంటే కొన్నాళ్లు సాగింది. తరవాత మామా రేపు ఒప్పుకోకుండా ఇప్పుడే అని పట్టుబట్టేది, చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చునేది. అప్పుడు ఇంటి డ్రైవరు మస్తాన్ వలీ బండి తీసేవాడు. కడప జిల్లావాడు, ఆ ఇంట్లో కెజియా కన్నా పాతకాపు. సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద ఆ కొసనుంచి ఈ కొసకు తిప్పి తీసుకొచ్చేవాడు. మామా అద్దంలోంచి చూస్తూ చూస్తూ అలసిపోయి కునుకు తీసేది.

"పెద్దామె అట్ట కూచోనుంటే బండి తియ్యకుండా ఎట్టుంటాం సిస్టర్," అన్నాడొకరోజు. "రోజూ యాడికో ఒకసాటికి తిప్పుతాండా. ఆమెకు కావల్సిన సోటు మటుకు నాకు తెలీదాయె."

కెజియా ప్రార్థన చేసుకునేటప్పుడు ఏమడగాలో కూడా తెలిసేది కాదు. ఆవిడ మరిచిపోవాలని అడగాలా? మిగిలిన ఆ ఒక్కటీ కూడా పోతే ఆవిడకింకేం ఉంటుంది? పోనీ మరిచిపోకూడదని అడగాలా? ఒకరోజు నోరు జారి, నిన్ననే చూసొచ్చాం కదా మామా, బాగుంది, పడుకుని ఉంది అనేసింది. మామా సంతోషంతో ఆమె బుగ్గలు పట్టుకుని, పాలు తాగిందా అని అడిగింది. తాగింది అంది కెజియా. ఆ పూటంతా మామా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది. కెజియా వంటింట్లోకి పోయి పంపు తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది.

చలికాలం మొదట్లో హనాన్ భర్తకు రియాద్ బదిలీ అయింది. అమ్మను నేను తీసుకెళతానంది హనాన్. అది ఆమె చేసుకోదలచుకున్న ప్రాయశ్చిత్తమో ఏమో, తారిక్ అడ్డు చెప్పలేదు. రాబిగ్‌లో ఒక ఆసుపత్రిలో కెజియాకు ఉద్యోగం చూసి, కఫాలా అక్కడికి మార్పించాడు. భార్యాభర్తలిద్దరూ ఒక చోట ఉంటారు కదా అన్నాడు. అతను మేలే చేశాడు. రత్నరాజు అప్పటికే గది వెతుకుతున్నాడు. ఇన్నేళ్లుగా కోరుకున్నది చేతికొస్తుంటే, ఉండిపోతానని ఎలా అంటుంది? ఉండమని అడిగినవాళ్లు కూడా ఎవరూ లేరు.

రియాద్‌కు వెళ్లడానికి రూతు అనే నర్సును తీసుకున్నారు. కాకినాడ వైపు పిల్ల, కెజియా కన్నా బాగా చిన్నది. కొన్నాళ్లు పక్కనే ఉండి పని నేర్చుకుంది. మందులు, స్నానం, నిద్రలో కాలికింద పెట్టే దిండు అన్నీ కెజియా చెప్పింది. యాస్మీన్ సంగతి కూడా చెప్పింది. రూతు అంతా విని, మరి ఏం చెప్పాలక్కా అంది. అప్పుడే మామా పిలవడంతో కెజియా లేచి వెళ్లిపోయింది.

ప్రయాణం రోజు మామా చాలా ఉత్సాహంగా ఉంది. పెట్టెలు సర్దడం చూసి, తీసుకెళుతున్నది బిడ్డ దగ్గరికేనని అనుకుంది. మంచి బట్టలు కట్టించుకుంది, అత్తరు రాయించుకుంది. ఎవరూ కాదనలేదు. విమానాశ్రయం గుమ్మం దగ్గర కెజియాను లోపలికి రానివ్వరు. మామా కుర్చీలోంచి చెయ్యి చాపి, నువ్వు కూడా త్వరగా వచ్చెయ్, నిన్ను చూస్తే నవ్వుతుంది అంది. కెజియా ఆ చెయ్యి ముద్దుపెట్టుకుని వదిలేసింది. రూతు కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

రాబిగ్‌లో కొత్త వార్డులో చేరిన కొద్దిరోజులకు రూతు ఫోను చేసింది. కెజియా రోగి మంచం పక్కనుంచి వరండాలోకి వచ్చింది.

"అక్కా, దిగిందగ్గర్నుంచీ ప్రతి గదీ తలుపు తీసి చూస్తంది. ఇక్కడే ఉందన్నారు కదా, ఏదీ అంటంది. హనాన్ మేడం గదిలోంచి బయటికి రావట్లేదు. నన్నేం చెప్పమంటావు?"

కెజియా వరండా కమ్మీ పట్టుకుని నిలబడింది. అవతల ఫోనులో, దూరంగా, మామా గొంతు ఎవరినో పిలుస్తూ వినబడుతోంది.

"పడుకుందని చెప్పు రూతూ," అంది. "ఈ పూటకి అలా చెప్పు. రేపు అడిగితే... రేపేం చెప్పాలో నాకూ తెలీదమ్మా."

లోపల్నుంచి ఎవరో సిస్టర్ అని పిలిచారు. కెజియా ఫోను పెట్టేసి లోపలికి నడిచింది.